క్రెపిటస్ ప్లస్

లోవరాజు చెవికి ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో పేరుంది. చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాడికి కాళ్ళకో చేతులకో పేరు రావాలి గానీ చెవికి పేరు రావడమేమిటని మీకు అనిపించవచ్చు. కొబ్బరిచెట్టు సంగతి తెలిసినవాళ్ళకి అనిపించదు. ఎర్రముక్కు పురుగు పట్టిన చెట్టు పైకి చూస్తే ఒక పట్టాన తెలిసి చావదు. ఆకు పచ్చగానే ఉంటుంది, గెలలు వేస్తూనే ఉంటుంది. లోపల మాత్రం బొటనవేలంత పురుగులు చేరి మానుని కొరుక్కుతింటూ ఉంటాయి. చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని, చెవి మానుకి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటే కరకరమని సన్నగా వినిపిస్తుంది. ఆ చప్పుడు వినపడిందా, ఇక ఆ చెట్టు ఎక్కకూడదు.

ఈ విద్య లోవరాజుకి తండ్రి నేర్పాడు. దాని విలువ మాత్రం మేనమామ చావు నేర్పింది. లోవరాజుకి పదహారేళ్ళప్పుడు ఓడలరేవు వైపు ఒక తోటలో దింపు తీస్తున్నారు. మేనమామకి ఇలా చెవులు పెట్టడం నామోషీ. చెట్టుకి చెవి పెట్టి ముచ్చట్లు వినేవాడు మగాడేనా అని నవ్వేవాడు. నవ్వుతూనే ఎక్కాడు. సగం పైకి వెళ్ళేసరికి చెట్టు నడిమికి విరిగింది. లోవరాజు పరిగెత్తుకుంటూ వెళ్ళి చూసినప్పుడు మేనమామలో ప్రాణం లేదు. విరిగి పడ్డ చెట్టు ఆకులు మాత్రం అప్పటికీ పచ్చగా ఉన్నాయి. మానులో గుజ్జు తప్ప ఏమీ లేదు.

ఆ రోజు నుంచి ముప్పై ఒక్క ఏళ్ళు లోవరాజు చెవి పెట్టకుండా ఒక్క చెట్టూ ఎక్కలేదు. కింద కాయలు ఏరే పని అతని భార్య చిన్నమ్మలుది. "ఈయన నా మాటైనా వినడు గానీ చెట్టు మాట మాత్రం వింటాడండి," అని తోటల్లో ఆడవాళ్ళతో అంటుండేది. కొత్తపేట నుంచి ఆటోలో పావుగంట దూరం వాళ్ళ ఊరు. అక్కడి తోటల వాళ్ళంతా లోవరాజు చెవి పెట్టి 'బాగుందండి' అంటే నిశ్చింతగా ఉండేవారు. 'కొట్టించెయ్యండి' అంటే మారు మాట్లాడకుండా కొట్టించేవారు.

అలాంటి చెవి కిందటి అక్టోబరులో తప్పింది.

బుచ్చిరాజుగారి తోటలో దింపు తీస్తున్నాడు. ఆయనకి రెండెకరాల కొబ్బరి, మూడెకరాల వరి. చెట్లని పేరుపెట్టి పిలిచినంత పని చేసే మనిషి. గట్టు పక్కన మంచి కాపు మీదున్న చెట్టు మొదట్లో లోవరాజు గొంతుక్కూర్చుని, అటూ ఇటూ సర్దుకుంటూ చెవి ఆనించాడు. కరకరమని వినిపించింది. అనుమానం లేకుండా వినిపించింది. లేచి చెప్పాడు. బుచ్చిరాజుగారి మొహం చిన్నబోయింది. రంపం మిషను తెప్పించి మర్నాడే కొట్టించారు.

చెట్టు పడ్డాక చూస్తే లోపల సూది దూరే సందు లేదు. మొదలు నుంచి మొవ్వు దాకా గట్టిగా, నిండుగా ఉంది. ముక్కలుగా కోసి వెతికినా ఒక్క పురుగు కనబడలేదు.

"ఏంట్రా లోవరాజూ," అన్నారు బుచ్చిరాజుగారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నిక్షేపంలాంటి చెట్టురా. నువ్వు చెప్పేవని కొట్టించేను."

"ఆయ్, నాకు ఇనపడిందండి రాజుగారూ. ఒట్టండి, ఇనపడింది," అన్నాడు లోవరాజు.

ఆయన వెళ్ళిపోయాక పక్క చెట్టు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అదే చప్పుడు. ఆ పక్క చెట్టు దగ్గరా అదే చప్పుడు. తోట మొత్తానికి ఒకేసారి పురుగు పట్టదు కదా. చెట్లకి దూరంగా దారి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. కుడి మోకాలి మీద చెయ్యి వేశాడు. కరకరమని చప్పుడు చెవికి వినిపించింది, అరచేతికి తగిలింది.

చప్పుడు చెట్టులోది కాదు. తనలోది.

ఇక్కడ మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. మోకాలు చప్పుడు చేస్తే ఇంత గాభరా ఏమిటని అనుకోండి. కానీ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మనిషికి తెలిసినది ఒక్కటే. దేనిలోంచైనా కరకరమని వినిపించిందంటే లోపల ఏదో తింటోంది. పైకి బాగున్నదంతా బాగున్నట్టు కాదు. ఒకరోజు నడిమికి విరుగుతుంది. మోకాలికి నొప్పి లేదే, వాపు లేదే అని తనకి తాను చెప్పుకున్నాడు. వెంటనే మేనమామ ఎక్కిన చెట్టు గుర్తొచ్చింది. దానికీ నొప్పి లేదు, వాపు లేదు.

ఇంట్లో చెప్పలేదు. కొత్త మోకు కొనుక్కోవాలని అబద్ధమాడి అమలాపురం బస్సెక్కాడు. చెట్టెక్కేటప్పుడు నడుముకి కట్టుకునే లావుపాటి తాడు అది. ఉన్నది నిరుడు కొన్నదే. చిన్నమ్మలు ఎగాదిగా చూసింది.

అమలాపురంలో ఎముకల డాక్టరు దగ్గర కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక లోవరాజు వంతు వచ్చింది. డాక్టరుగారు మోకాలి మీద చెయ్యి పెట్టి, వంచి, చాపి, చీటీ మీద రెండు ముక్కలు రాసి, "ఎక్స్‌రే తీయించుకుని రండి," అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపు తర్వాతి మనిషి లోపలికి వచ్చేశాడు. ఇదేమిటండీ అని అడగడానికి లోవరాజుకి నోరు రాలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం.

బయటికొచ్చి చీటీ చూసుకున్నాడు. తెలుగు కూడబలుక్కుని చదవగలడు. ఇంగ్లీషు రాదు. కానీ ఆ ఇంగ్లీషు మాట పక్కన ఒక గుర్తుంది. ఆ గుర్తు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

ప్లస్.

కరోనా ఏడాది వాళ్ళమ్మ పేరు పక్కన ఇలాంటి ప్లస్సే పెట్టారు. అంబులెన్సు వచ్చింది. ఆవిడ పదకొండో రోజుకి లేదు. కడసారి చూపు కూడా దక్కలేదు. లోవరాజు బస్టాండులో ఆ చీటీ పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. కొత్తపేట బస్సు రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయింది. ఎక్స్‌రే తీయించుకోలేదు. తీస్తే లోపల ఏముందో కనబడుతుంది. చీటీ నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకుని ఇంటికొచ్చాడు.

"మోకు ఏదీ?" అంది చిన్నమ్మలు.

"మంచిది దొరకలేదు," అన్నాడు.

ఆ తర్వాత రెండు నెలలూ లోవరాజు ఎలా బతికాడో అతనికే తెలుసు. నేల మీద కూర్చుని అన్నం తినడం మానేశాడు. మంచం మీద కూర్చుని కంచం ఒళ్ళో పెట్టుకునేవాడు. అడిగితే నడుం పట్టేసిందనేవాడు. వంగినప్పుడల్లా ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూసేవాడు. పని మాత్రం మానలేదు. మానితే ఎందుకని అడుగుతారు.

మానినది ఒక్కటే. చెట్టుకి చెవి పెట్టడం.

చెవి పెట్టాలంటే గొంతుక్కూర్చోవాలి. గొంతుక్కూర్చుంటే మోకాలు కరకరమంటుంది. అది వినడానికి అతనికి ధైర్యం లేదు. పైగా ఈ చెవి ఇక దేనికీ పనికిరాదనిపించింది. చెట్టు చప్పుడేదో తన చప్పుడేదో తెలియని చెవితో ఇంకో చెట్టు కొట్టించమంటాడా? అందుకని అప్పట్లో మేనమామ చేసిన పనే చేశాడు. తిన్నగా వెళ్ళి కాళ్ళకి బంధం వేసుకుని ఎక్కేసేవాడు. ఎక్కుతున్నప్పుడు కూడా అదే చప్పుడు. మోకాలు వంచి పైకి లాగినప్పుడల్లా కరకర. నలభై అడుగుల ఎత్తున, కింద చిన్నమ్మలు పిడికెడంత కనిపిస్తుండగా, ఈ కాలు ఇప్పుడే విరుగుతుందా అని కళ్ళు మూసుకునేవాడు. అరచేతులకి చెమట పట్టి తాడు జారేది. అంతకుముందు అతని అరచేతులకి చెమట పట్టడం ఎవరూ చూడలేదు.

డిసెంబరు ఆఖరున చిన్నమ్మలు బట్టలు ఉతకబోతూ చొక్కా జేబులో చీటీ చూసింది. కేక పెట్టలేదు, మొగుణ్ణి అడగలేదు. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న కూతురు నాగదుర్గ చేతిలో పెట్టింది.

"క్రెపిటస్ ప్లస్," అని చదివింది నాగదుర్గ. ఫోనులో కొట్టి చూసింది. ఫోనులో చూస్తే తుమ్ముకి కూడా చావే కనబడుతుంది కదా, ఇక దీనికి కనబడకుండా ఉంటుందా? కీళ్ళవాతం అని ఉంది, గుజ్జు అరగడం అని ఉంది, ఆపరేషను బొమ్మలున్నాయి. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. లోవరాజు గుమ్మంలో నిలబడి ఆ మొహం చూశాడు. అయిపోయింది, పిల్లకి తెలిసిపోయింది అనుకున్నాడు.

"నాన్నా, ఎన్నాళ్ళ నుంచి దాచేవు?"

"నీ పరీక్షలయ్యేక చెబుదామని అమ్మా."

"కాలు పోయేక చెబుదువు," అంది చిన్నమ్మలు. అని కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ముగ్గురూ ఆటోలో కొత్తపేట వెళ్ళారు. ఎరువుల కొట్టు మేడమీద మాధవీలతగారని ఫిజియోథెరపీ డాక్టరు ఉంటారు. నాగదుర్గ స్నేహితురాలి నాన్నకి చెయ్యి విరిగినప్పుడు ఆవిడే బాగుచేశారట. మెట్లు ఎక్కుతుంటే మోకాలు మెట్టుమెట్టుకీ చప్పుడు చేసింది. వెనకాల వస్తున్న చిన్నమ్మలుకి అది మొదటిసారి వినబడింది. ఆవిడ భర్త చొక్కా అంచు పట్టుకుంది, చిన్నపిల్ల పట్టుకున్నట్టు.

మాధవీలతగారికి నలభై ఏళ్ళుంటాయి. నిదానం మనిషి. ఏం పని చేస్తారని అడిగి, దింపు తీస్తానని చెప్పగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. నించోబెట్టారు, గొంతుక్కూర్చోబెట్టారు, పడుకోబెట్టి వంచి చూశారు. నొప్పుందా, ఎప్పుడైనా వాచిందా, కాలు మడిచాక తిరిగి రాకుండా పట్టేసిందా, నడుస్తుంటే ఉన్నట్టుండి కాలు వదిలేసిందా అని ఒక్కొక్కటే అడిగారు. అన్నిటికీ "లేదండి" అన్నాడు. పక్క వీధిలో ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నారు. ఈసారి తప్పించుకునే దారి లేదు. ఒక పక్క భార్య, ఒక పక్క కూతురు. ఎక్స్‌రే కవరు తెచ్చి ఆవిడ చేతికి ఇస్తున్నప్పుడు లోవరాజు గోడకున్న కేలెండరు కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ ఎక్స్‌రే కిటికీ వెలుగులో పెట్టి చూశారు. తర్వాత చీటీ చూశారు.

"ఇందులో ఏం రాసేరో మీకెవరూ చెప్పలేదాండీ?"

"లేదండి డాక్టరమ్మగారూ. నేనే అడగలేదండి. పాజిటివ్ అని తెలిసిందండి," అన్నాడు లోవరాజు. "లోపల పురుగు తినేసిందాండి?"

మాధవీలతగారికి అర్థం కాలేదు. నాగదుర్గ చెట్ల సంగతి, చెవి సంగతి, కొట్టించేసిన చెట్టు సంగతి చెప్పింది. ఆవిడ నవ్వలేదు. అందుకు లోవరాజు ఆవిడకి జీవితాంతం రుణపడి ఉంటాడు.

"ఇలా కూర్చోండి. క్రెపిటస్ అన్నది రోగం పేరు కాదండీ. చప్పుడు పేరు."

"చప్పుడుకి పేరాండి?"

"ఆయ్. లాటిన్ అని పాతకాలపు భాష. రోమ్‌లో మాట్లాడేవారు. వాళ్ళకి క్రెపిటస్ అంటే కరకర, కిటకిట, పటపట, అలాంటి చప్పుడేదైనా సరే. పళ్ళు కొరికినా అదే మాట, చప్పట్లు కొట్టినా అదే మాట. మీరేం అనుకోకపోతే ఇంకోటి కూడా ఉందండి. తిన్నది సరిగ్గా అరక్క కిందనుంచి గాలి పోయినా వాళ్ళు ఆ మాటే అనేవారు."

నాగదుర్గ చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మలుకి కన్నీళ్ళలోనే నవ్వొచ్చింది. "అయితే ఈయనకి ఆ జబ్బు పెళ్ళైనప్పట్నించీ ఉందండి," అంది.

"తర్వాత డాక్టర్లు కీళ్ళ మీద చెయ్యి పెట్టి చూసినప్పుడు చప్పుడు తగిలింది," అన్నారు మాధవీలతగారు. "దానికో మాట కావాలి కదా, పాతభాషలోంచి ఇది తెచ్చుకున్నారు. అంతే. ఎందుకొచ్చింది చప్పుడు అన్నది ఆ మాట చెప్పదండీ. గాలి బుడగ అవ్వచ్చు, నరం ఎముక మీంచి జారడం అవ్వచ్చు, లోపలి నునుపు కాస్త గరుకెక్కడం అవ్వచ్చు. మీ ఎక్స్‌రేలో ఏం భయపడేది లేదు. ముప్పై ఏళ్ళు చెట్లెక్కిన మోకాలు, కాస్త అరక్కుండా ఉంటుందా?"

"మరి ఆ ప్లస్సండి?"

"చప్పుడు ఉంది అని గుర్తు. లేకపోతే మైనస్ పెడతారు. అంతకంటే ఏం లేదు."

లోవరాజు రెండు చేతులూ మొహానికి పెట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఎవరూ ఓదార్చలేదు. ఏడవనిచ్చారు.

కాస్త తేరుకున్నాక ఆవిడ అతని అరచెయ్యి తీసి మోకాలి మీద పెట్టారు. "వంచండి. తగిలిందా? ఇప్పుడు ఆపండి. కదలకండి. ఇప్పుడేమైనా ఉందా?"

"లేదండి."

"కీలు కదిలితేనే ఈ చప్పుడండీ. ఆపితే ఆగిపోతుంది. ఇది గుర్తుంచుకోండి. నొప్పొచ్చినా, వాచినా, పట్టేసినా నా దగ్గరికి రండి. చప్పుడుకి మాత్రం భయపడకండి." తొడ కండకి బలం రావడానికి రెండు వ్యాయామాలు చూపించి పంపించారు.

ఆ రోజు నుంచి లోవరాజు వేరే మనిషి. అన్నానికి నేల మీద కూర్చున్నాడు. బుచ్చిరాజుగారి దగ్గరికెళ్ళి ఆ రోజు వినిపించినది తన మోకాలేనని ఒప్పుకున్నాడు. ఆటోలో పక్కవాడి మోకాలి మీద చెయ్యి వేసి, "మీకు క్రెపిటస్ ఉందండి, భయం లేదు, గాలి చప్పుడుకీ అదే మాట," అని చెప్పేవాడు. రెండు నెలలు భయపడ్డవాడికి ఆ మాత్రం సరదా ఉండాలి. అయితే ఆ సరదాలో ఒక సంగతి మర్చిపోయాడు. రెండు నెలలుగా మానేసిన పని మళ్ళీ మొదలుపెట్టాలన్నది మర్చిపోయాడు. చెవి పెట్టకుండా ఎక్కడానికి కాళ్ళు అలవాటుపడిపోయాయి. పని కూడా తొందరగా తెమిలేది.

జనవరి నెలాఖరుకి బుచ్చిరాజుగారి తోట దింపు మళ్ళీ వచ్చింది. పొద్దున్నే మొదలుపెట్టి పదకొండు గంటలకి ఇరవై రెండు చెట్లు దింపాడు. చిన్నమ్మలు వెనకాలే కాయలు ఏరి రాశి పోస్తోంది. ఇరవై మూడోది పొలానికి నీళ్ళు పారే పంటబోదె ఒడ్డునున్న చెట్టు. పొడుగు చెట్టు, కాపు బాగుంది. బంధం వేసుకుని ఎక్కాడు. సగం దాటాక కరకరమంది.

"ఇదిగోనే, నా లాటిన్ మొదలైంది," అని పైనుంచి అరిచాడు.

"అరవక ఎక్కు," అంది చిన్నమ్మలు తలెత్తకుండా.

పైకి చేరాడు. మోకుకి ఒళ్ళు ఆనించి, గుండె మానుకి తగిలేలా వాలి, ఒక గెల నరికి వదిలాడు. గెల తెగిపడిన అదురుకి చెట్టు ఊగింది. ఎప్పుడూ ఊగే ఊపు కాదది. ఊగి, తిరిగి రావడానికి ఒక క్షణం ఆలస్యం చేసింది. లోవరాజు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగాడు.

కరకర.

మోకాలే అనుకున్నాడు. మోకాలి కేసి చూసుకున్నాడు. మోకాలు కదలడం లేదు. మానుకి అదిమిపెట్టి ఉంది. వేలు కూడా కదపకుండా ఊపిరి బిగబట్టాడు. డాక్టరమ్మగారు అన్న మాట చెవిలో మోగింది. ఆపితే ఆగిపోతుంది. అతను ఆపాడు. చప్పుడు ఆగలేదు.

చెంప మానుకి ఆనించాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆ చెవి చెట్టుని తాకింది. గుండె కింద, పొట్ట కింద, కాళ్ళ కింద వందల నోళ్ళు నములుతున్నాయి.

కళ్ళ ముందు మేనమామ కనిపించాడు, పచ్చటి ఆకులు కనిపించాయి. ఒక్కసారిగా జారిపోవాలనిపించింది. జారితే ఆ అదురుకే విరుగుతుంది. కిందికి చూశాడు. సరిగ్గా చెట్టు మొదట్లో చిన్నమ్మలు వంగి, ఇప్పుడే పడ్డ గెల నుంచి కాయలు విడదీస్తోంది.

"చిన్నమ్మలూ," అన్నాడు. గట్టిగా అరవడానికి కూడా భయం. "కాయలొదిలేసి బోదె అవతలికి పో."

"ఏంటయ్యా?"

"అడక్కు. పో."

ఆ గొంతు ఆవిడ ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ వినలేదు. తట్ట వదిలేసింది. బోదె మీద వేసిన తాటిదుంగ మీదుగా అవతలికి వెళ్ళి, చేతులు రెండూ నోటికి పెట్టుకుని నిలబడింది. ఆవిడ అవతలి గట్టు ఎక్కేదాకా లోవరాజు కదల్లేదు.

అప్పుడు దిగడం మొదలుపెట్టాడు. కత్తి నడుముకి దోపుకున్నాడు, పడేస్తే ఆ దెబ్బ చెట్టుకి తగులుతుందని. మోకు జానెడు కిందికి జరిపేవాడు. మోకాలు వంచి పాదాలు జానెడు దింపేవాడు. ఆగేవాడు. వంచినప్పుడు తన చప్పుడు వినిపించేది. ఆగినప్పుడు చెట్టు చప్పుడు వినిపించేది. తన చప్పుడు వింటుంటే ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది. అదొక్కటే తోడు. ఇరవై అడుగుల ఎత్తున కుళ్ళిన కల్లు వాసన ముక్కుకి కొట్టింది. మాను మీద చిన్న చిల్లులున్నాయి, వాటిలోంచి ఎర్రటి జిగురు కారి ఎండిపోయి ఉంది. ఎక్కేటప్పుడు వీటి పక్కనుంచే ఎక్కాడు. అప్పుడు తన మోకాలి మీద జోకులేసుకుంటున్నాడు. అక్కడ పాదం ఆనిస్తే మాను మెత్తగా లోపలికి నొక్కుకుంది. లోవరాజు కళ్ళు మూసుకోలేదు. మూస్తే తెరవలేననిపించింది. జానెడు జానెడు దిగి, నేల తగలగానే బంధం తీసేసుకుని, బోదె దాకా పాకాడు.

కబురు విని బుచ్చిరాజుగారు వచ్చారు. చెట్టు కేసి చూశారు. పచ్చగా ఉంది.

"చెట్టుదా, నీ మోకాలిదా?" అని అడిగారు. ఎగతాళికి కాదు. ఒక చెట్టు పోగొట్టుకున్న మనిషి అడిగినట్టే అడిగారు.

"మీరే ఇనండి రాజుగారూ. మోకాళ్ళు కదపకుండా ఇనండి."

బుచ్చిరాజుగారు మొదట్లో గొంతుక్కూర్చుని చెవి ఆనించారు. లేచి, నాలుగడుగులు వెనక్కి వచ్చేశారు.

ఆ మధ్యాహ్నమే తాళ్ళు కట్టి, అందరినీ దూరంగా పంపి, రంపం మిషనుతో కోయించారు. చెట్టు ఒరుగుతూనే గాలిలో రెండు ముక్కలైంది. ఇరవై అడుగుల దగ్గర, సరిగ్గా పాదం నొక్కుకున్న చోట. లోపల గోధుమరంగు గుజ్జులో తెల్లటి పురుగులు కదులుతున్నాయి. చుట్టూ మిగిలిన చెక్క రెండు వేళ్ళ మందం లేదు. జనం మూగి చూస్తున్నారు. "అదృష్టవంతుడివిరా," అన్నారు. "నీ చెవి మళ్ళీ నిలబెట్టుకున్నావురా," అన్నారు బుచ్చిరాజుగారు.

లోవరాజుకి అవేవీ వినబడలేదు. అతను చిన్నమ్మలు కేసి చూస్తున్నాడు. చెట్టు పైభాగం పడ్డ చోట ఆవిడ తట్ట ఉంది. తట్ట అని గుర్తుపట్టే వీలు లేకుండా ఉంది. అప్పుడతనికి ఆ మూడు నెలలు గుర్తొచ్చాయి. చెవి పెట్టకుండా రోజుకి నలభై చెట్లు ఎక్కాడు. మొదట తన మోకాలు విరుగుతుందేమోనని భయపడుతూ, తర్వాత దాని మీద నవ్వుకుంటూ ఎక్కాడు. ఆ ప్రతి చెట్టు కిందా ఈవిడ వంగి కాయలు ఏరుతూనే ఉంది.

"ఇన్నాళ్ళూ నిన్ను కింద పెట్టుకుని ఎక్కేనే," అన్నాడు.

చిన్నమ్మలుకి అర్థమైంది. పొద్దుటి చెట్ల వరస కేసి చూసింది. ఇరవై రెండు చెట్లు. మూడు నెలల్లో మళ్ళీ దింపుకి వస్తాయి.

జనం వెళ్ళిపోయాక లోవరాజు మొదటి చెట్టు దగ్గరికి నడిచాడు. భార్యని దూరంగా ఉండమన్నాడు. ఆవిడ ఉండలేదు. పక్కనే వచ్చి నిలబడింది. అతను చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుంటుంటే కరకరమంది. చిన్నమ్మలు ఉలిక్కిపడింది.

"ఇది నాదే," అన్నాడు లోవరాజు. "ఉండు."

మోకాళ్ళు కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, చెంప మానుకి ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నాడు.